పన్నెండో ముద్ర

షిరోసె, 1998 అక్టోబర్ 6

మామయ్యకు,

చలి మొదలైంది, ఒంట్లో ఎలా ఉంది అని మర్యాదకి రాయాలి. రాస్తే మీరు "ఋతువులు నాకు కిటికీలోంచి కనిపిస్తాయి, విషయానికి రా" అంటారు. అందుకని విషయానికే వస్తున్నాను. ఫోను చేద్దామంటే మీకు సగం వినిపించదు, వినిపించిన సగం నచ్చదు.

వచ్చే మే ముప్ఫై ఒకటికి మా విశ్వవిద్యాలయానికి యాభై ఏళ్ళు. "యాభై ఏళ్ళ చరిత్ర" రాసే గదిలో నన్ను వేశారని అమ్మ చెప్పే ఉంటుంది. గది అంటే పాత గ్రంథాలయంలో మెట్ల కింద, చీపుళ్ళ కొట్టు పక్కన. నేనూ, వారానికి రెండు రోజులు వచ్చే మా పై సంపాదకులు నుమజిరి గారూ, మూడు వందల నలభై అట్టపెట్టెలూ. పుస్తకం ఫిబ్రవరి ఆఖరుకి అచ్చుకి వెళ్ళాలి. నా ఉద్యోగం మార్చి ఆఖరుకి అయిపోతుంది. ఆ తర్వాత నా సంగతేమిటని అడిగితే అందరూ టీ తాగుతారు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు మామయ్యా. పెట్టె విప్పుతాను, మూస్తాను, లేచి తిరుగుతాను, మళ్ళీ అదే పెట్టె విప్పుతాను.

మొదట్లో ఇక్కడున్నది మీ పట్టుపురుగుల కళాశాల ఒక్కటే కదా. పట్టునూలు షావుకార్లు కొండవాలు పొలం ఇస్తే మల్బరీ నాటి మొదలుపెట్టారు. తర్వాత పక్క ఊళ్ళో పంతుళ్ళ కళాశాల, నది అవతల వైద్యుల కళాశాల. యుద్ధం అయ్యాక ముగ్గుర్నీ ఒక తాడుతో కట్టి విశ్వవిద్యాలయం అన్నారు. ఎవరూ ఊరు వదలనన్నారు కాబట్టి తల వైద్యుల ఊళ్ళో, కాళ్ళు తలో దిక్కున. ఆక్టోపస్ విశ్వవిద్యాలయం అని మీరే కదా నవ్వేవారు. ఇప్పటికీ అంతే. కాలికి దురద పుడితే గోక్కోవడానికి తలకి అర్జీ పెట్టాలి.

ఇప్పుడు నాకు మీతో పని పడింది. ఏడో అధ్యాయం పట్టుపురుగుల శాఖ మూసివేత, 1976 జూన్. నాకప్పుడు పన్నెండేళ్ళు. బడి అయ్యాక, అమ్మ గుమాస్తాగా పనిచేసే మీ శాఖ ఆఫీసుకొచ్చి, సంతకానికి బదులు వేసే మీ అందరి పేరుముద్రలు ఉండే చెక్కపెట్టెతో ఆడుకునేదాన్ని. పన్నెండు గళ్ళు, పన్నెండు ముద్రలు. ఆ వేసవిలో మీరు వెళ్ళిపోయాక అమ్మ నాతో ఒకే మాట చెప్పింది. "మీ మామయ్య ఒక్కడే ముద్ర వెయ్యలేదు." అంతకు మించి ఏమడిగినా గిన్నెలు తోమడానికి లేచేది. ఆ ఒక్క మాట పట్టుకునే నేను చరిత్ర చదివాను. అసలు ఏం జరిగిందో మీ చేత్తో రాసి పంపండి. ఈ పుస్తకంలో ఒక్క పేజీ అయినా నిజంగా ఊపిరి తీయాలి.

మీ మేనకోడలు,
చిగుసా

*

నోతో, అక్టోబర్ 15

చిగుసా,

ఋతువు గురించి రాయకుండా ఋతువు గురించి రెండు వాక్యాలు రాశావు. మీ అమ్మ పోలికే.

చరిత్ర కావాలా? రాసుకో. 1946లో నేను ఆ కళాశాల విద్యార్థిని. తినడానికి ఏమీ లేక, గూళ్ళు ఉడకబెట్టి దారం తీశాక మిగిలిన పురుగుల్ని సోయాలో వేయించుకుని తిన్నాం. ఒకడు ప్రయోగం కోసం ఉంచిన పురుగుల్ని కూడా తినేసి, "ఫలితం సంతృప్తికరం" అని నోటుపుస్తకంలో రాశాడు. వాడే తర్వాత డీను అయ్యాడు. ఇది వేస్తావా? వెయ్యరు.

మా శాఖలో మూడు పీఠాలు. ఒక్కో పీఠానికి పైన ప్రొఫెసరు, కింద సహ ప్రొఫెసరు, ఆ కింద ఇద్దరు అసిస్టెంట్లు. పైవాడు చస్తే గానీ, రిటైరైతే గానీ కిందవాడు కదలడు. నేను పద్నాలుగేళ్ళు ఇసొగాయి గారి నీడలో సహ ప్రొఫెసర్ని. మంచివాడే. చెట్టు మంచిదైనా దాని కింద గడ్డి మొలవదు.

ముద్రల సంగతి నీకు చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి అర్థం తెలియకుండానే అలవాటు ఉంది. కాగితం కింది నుంచి పైకి ఎక్కుతుంది. ఎడమ చివరి గడి పెద్దవాడిది. మిగతావాళ్ళు తమ ముద్రని కాస్త ఎడమకి వాల్చి వేస్తారు, పెద్దాయనకి వంగి దణ్ణం పెడుతున్నట్టు. నేను ఎప్పుడూ నిటారుగానే వేశాను. "తోబితా, నీ ముద్రకి మెడ నొప్పా?" అనేవాడు ఇసొగాయి. "నేను పురుగులకే వంగుతానండీ, తట్టలు కిందుంటాయి గనుక" అనేవాణ్ణి. నవ్వేవాడు, కానీ మర్చిపోయేవాడు కాదు.

1976 గురించి అడిగావు. ఆ ఏడు వానలెక్కువ.

ఎండు చేపలు పంపుతున్నాను. మీ అమ్మ ఇకుయో మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లెక్కవద్దని చెప్పు.

షుకిచి

*

షిరోసె, నవంబర్ 9

మామయ్యకు,

చేపలు అందాయి. అమ్మ ఒక్కోటీ వెలుగుకి పెట్టి చూసి, "అన్నయ్య ఇంకా చౌక చేపలే కొంటున్నాడు" అని మురిసిపోయింది.

ఆ కాగితం దొరికింది.

నూట ఎనభై మూడో పెట్టెలో, కొత్త మరుగుదొడ్డి నమూనాల కింద ఉంది. "పట్టుపురుగుల శాఖలోని మూడు పీఠాలను రద్దుచేసి పదార్థ శాస్త్ర శాఖగా మార్చుటకు, మల్బరీ తోటను వాహనములు నిలుపు స్థలముగా వాడుటకు సమ్మతి." తేదీ జూన్ పదిహేను. శాఖలో పన్నెండు మందీ ఒప్పుకుంటేనే తలకి వెళ్ళాలని కింద నిబంధన కూడా రాసి ఉంది. ఒక్కరు కాదన్నా కాగితం ఆగిపోయేది. పన్నెండు గళ్ళూ లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండు గళ్ళలోనూ ముద్రలున్నాయి.

నాలుగో గడిలో "తోబితా".

నిటారుగా లేదు మామయ్యా. అందరికంటే ఎక్కువ వాలి ఉంది. అసిస్టెంట్ల ముద్రలు కూడా అంత వంగలేదు. మీరు నిటారు ముద్ర గురించి రాసిన ఉత్తరం చదివి రెండు వారాలు నేను ఆఫీసులో మెడ ఎత్తుకుని తిరిగాను. ఇప్పుడు ఆ ఉత్తరాన్ని ఎలా చదవాలో తెలియడం లేదు.

ఏదో కారణం ఉండే ఉంటుంది. చెప్పండి. నేను తప్పు పట్టను. అమ్మకి చెప్పలేదు.

చిగుసా

*

నోతో, నవంబర్ 17

చిగుసా,

కాగితం మీద ఏముందో అదే రాయి. చరిత్ర రాసేవాళ్ళ పని అదే కదా.

అమ్మకి చెప్పకపోవడం మంచిది. చెప్పకు.

ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు. పన్నెండు ముద్రలు ఉన్నాయి, పన్నెండు అని రాయి, ఎనిమిదో అధ్యాయానికి వెళ్ళు. వైద్యుల కళాశాలలో గొప్ప గొడవలు జరిగాయి, అవి తవ్వుకో.

ఇక్కడ సముద్రం గోల చేస్తోంది. నాలుగు రోజులుగా పడవలు వెళ్ళలేదు. నేను కూడా ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతున్నాను. ఉన్నవి రెండే గదులు.

షుకిచి

*

షిరోసె, డిసెంబర్ 20

మామయ్యకు,

సరే. "శాఖలోని పన్నెండు మంది బోధకుల ఏకగ్రీవ సమ్మతితో" అని రాశాను. నుమజిరి గారు చదివి, "బాగుంది, ఎవరికీ నొప్పి లేదు" అన్నారు.

నాకు నొప్పిగా ఉంది. ఇరవై రెండేళ్ళు మీరు ఈ ఊరు రాలేదు. నాన్నగారు పోయిన పదమూడో ఏటి పూజకి కూడా రాలేదు. అంత పట్టుదల గల మనిషి అని నేను స్నేహితులకి చెప్పుకున్నాను. పట్టుదల కాదు, మొహం చెల్లక రాలేదన్నమాట. ఇంత కటువుగా రాయకూడదు. కొట్టేసి మళ్ళీ రాద్దామని చూశాను, మళ్ళీ ఇదే వచ్చింది.

ఇక్కడ ఇప్పుడు మళ్ళీ ఒక కాగితం తిరుగుతోంది. పదార్థ శాస్త్ర శాఖని ఇంకో దాంతో కలిపి ఇంకో పేరు పెడతారట. దేశంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నిటినీ ప్రభుత్వం నుంచి విడదీసి, ఎవరి బతుకు వాళ్ళని బతకమంటారని కూడా పుకారు. అందరికీ గుండె దడగా ఉంది, అందరూ ముద్రలు వేస్తున్నారు, ఎడమకి వాల్చి. నేను గడువు ఉద్యోగిని కాబట్టి ఆ కాగితం మీద నాకు గడి లేదు. ఉంటే ఎలా వేసేదాన్నో నాకే తెలియదు. అందుకే మీ మీద అంత కోపం వచ్చిందేమో.

అమ్మ మీ ఉత్తరంలో ఏముందని అడిగింది. వాతావరణం అన్నాను.

చిగుసా

*

షిరోసె, 1999 జనవరి 18

మామయ్యకు,

క్షమించండి. ముందుగా ఆ మాట. నా క్రితం ఉత్తరాన్ని పొయ్యిలో వేసెయ్యండి.

మొన్న ప్రయాణాల పుస్తకం దొరికింది. శాఖ బోధకులు ఊరు వదిలితే రాసే పుస్తకం. అందులో అమ్మ చేతిరాత: "తోబితా, సహ ప్రొఫెసరు. జూన్ 11 నుంచి 19. పై కొండ గ్రామములు, పురుగుల తెగులు పరిశీలన." పదిహేనో తేదీన మీరు షిరోసెలోనే లేరు! కొండ మీద రైతుల తట్టల ముందు వంగి కూర్చుని ఉన్నారు. ముద్ర మీరు వెయ్యలేదు. అమ్మ చెప్పిందే నిజం.

మరి ఎవరు వేశారు? నాకు అనుమానం లేదు. ముద్ర అంతలా వంగడం ఎవరికి కావాలి? పద్నాలుగేళ్ళు దాన్ని చూసి చూసి మనసులో పెట్టుకున్నది ఎవరు? ఇసొగాయి. పీఠం మూసేస్తే ఆయనకి తలలో పెద్ద పదవి సిద్ధంగా ఉంది, తీసుకున్నాడు కూడా. మీరు లేని రోజు చూసి కాగితం కదిపాడు, అమ్మ బల్ల సొరుగులోంచి మీ ముద్ర తీసి వేశాడు. మీరు వచ్చి చూసి, అసహ్యం వేసి వెళ్ళిపోయారు. నాతో "కాగితం మీద ఉన్నది రాయి" అన్నారు, పోయినవాణ్ణి తిట్టడం ఇష్టం లేక. అంతే కదా?

ఏడో అధ్యాయం తిరగరాశాను. "తోబితా ఊరిలో లేని సమయమున, పీఠాధిపతి ఇసొగాయి ప్రోద్బలముతో ఆయన ముద్ర వేయబడినట్లు కనబడుచున్నది." ఆయన కొడుకు ఇప్పుడు ఇక్కడే డీను. రేపు నా ఉద్యోగం పొడిగించాలన్నా వద్దన్నా ఆయన చేతిలోనే ఉంది. ఉండనివ్వండి. రెండు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు, కానీ అది భయంతో కాదు, ఉత్సాహంతో.

మీ మేనకోడలు, మెడ నొప్పి లేని
చిగుసా

*

నోతో, జనవరి 25

చిగుసా,

ఆ వాక్యం తీసెయ్యి. వెంటనే. ఈ ఉత్తరం పక్కన పెట్టి, ముందు అది తీసేసి, తర్వాత మిగతాది చదువు.

తీశావా?

ఇసొగాయి వెయ్యలేదు. ముద్ర నేనే వేశాను. పదిహేనో తేదీన స్నానానికని ఒక్క పూట బస్సులో దిగొచ్చి, ఆఫీసుకి వెళ్ళి, వేసి, మళ్ళీ కొండెక్కాను. వంగి వేశాను, భయపడ్డాను గనుక. పిరికితనం. నువ్వు డిసెంబర్‌లో రాసిందే సరి. ఆ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు, దాచుకున్నాను.

ఇసొగాయికి చాలా లోపాలున్నాయి. బీదవాళ్ళ ఇంట్లో టీ తాగేవాడు కాదు, తన విద్యార్థుల పేర్లు మర్చిపోయేవాడు. కానీ దొంగముద్ర వేసే మనిషి కాదు. పోయినవాడి మీద బురద చల్లితే పైనుంచి వచ్చి కడుక్కోలేడు. ఇంకొకరి తప్పుని ఆయన మీద పెడితే నేను ఊరుకోను.

నువ్వు ఇంతగా ఎందుకు తవ్వుతున్నావు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?

షుకిచి

*

షిరోసె, ఫిబ్రవరి 8

మామయ్యకు,

అమ్మ మీ దగ్గరికి వచ్చిందా? ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. రాగానే టెలిగ్రాం ఇవ్వండి.

జరిగింది చెబుతాను. మీ అబద్ధం నాకు రెండు రోజుల్లో తెలిసిపోయింది. 1976 జూన్ పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా కొండచరియ పడి పైకి బస్సులు లేవు, ఊరి పత్రికలో ఉంది. వానలెక్కువని మీరే రాశారు కదా. స్నానానికి ఎలా దిగొచ్చారు, పట్టుదారం పట్టుకునా? మీరు అబద్ధమాడేది ఇసొగాయిని కాపాడ్డానికే అనుకున్నాను. మరీ ఇంత మంచితనమా అని ఒళ్ళు మండింది. "ఇంకొకరి తప్పు" అని మీరు రాసిన మాట కళ్ళ ముందే ఉంది, నేను దాని మీంచి నడిచి వెళ్ళిపోయాను. వాక్యం తియ్యలేదు.

శనివారం అచ్చు ప్రతులు ఇంటికి తెచ్చాను. పాత గుమాస్తా కదా, బోధకుల పేర్లు సరిచూడమని అమ్మకిచ్చాను. పేర్ల పట్టిక అంతా వేలితో కింది దాకా చదివింది. తర్వాత ఏడో అధ్యాయం. రెండు వందల పన్నెండో పేజీ దగ్గర కళ్ళజోడు తీసింది.

"ఇసొగాయి గారా?" అంది.

"ఆయనేనమ్మా."

"ఆయనకి ముద్రలపెట్టె ఏ సొరుగులో ఉండేదో కూడా తెలీదే. ముద్ర కావాలంటే కుర్చీలోంచే అరిచేవారు."

"తెలుసుకుని ఉంటాడు. నువ్వు పేర్లు చూడు చాలు" అన్నాను. పన్ను నొప్పి వచ్చినట్టు చెంప పట్టుకు కూర్చుంది. నేను ఇంకో అధ్యాయం తెరిచాను. మామయ్యా, నేను ఎదురుగా కూర్చున్నాను, ఒక్క నిమిషం ఆగలేకపోయాను.

ఇవాళ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో లేదు. వంటింటి బల్ల మీద చీటీ: "అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాను. పులుసు కుండలో ఉంది, వేడి చేసుకో." ఆ మోకాళ్ళతో మూడు రైళ్ళు మారాలి. అక్కడ మంచు పడుతోందని రేడియోలో చెప్పారు. నాన్న పటం కింది సొరుగు తెరిచి ఉంది. అందులో ఎప్పుడూ ఉండే చిన్న గుడ్డసంచీ లేదు. నాన్న ఎముక ముక్క ఉందేమోనని నేనెప్పుడూ దాన్ని తాకలేదు.

అచ్చు ప్రతుల్లో రెండు వందల పన్నెండో పేజీ కూడా లేదు.

ఇప్పుడు కూర్చుని, ఆ చెక్కపెట్టె ఎవరి సొరుగులో ఉండేదో, దాని తాళం ఎవరి నడుముకి ఉండేదో ఆలోచిస్తున్నాను. ఆ తాళంతో ఆడుకున్నది నేనే. నాకు భయంగా ఉంది.

చిగుసా

*

నోతో, ఫిబ్రవరి 12

చిగుసా,

టెలిగ్రాం అందే ఉంటుంది. మీ అమ్మ క్షేమం. మోకాళ్ళ మీద వేడి గుడ్డ వేసుకుని, నా వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుండాలో నాకు చెబుతోంది. ఇంకో వారం ఉంటుందట. నా సమ్మతి ఎవరూ అడగలేదు.

వచ్చిన రోజు మధ్యాహ్నం స్టేషన్ నుంచి ఫోను చేయించింది. వెళ్ళేసరికి బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత చూశాను. "జుట్టు ఏమైంది?" అంది.

ఇంటికొచ్చి, గుడ్డసంచీ విప్పి, బల్ల మీద పెట్టింది. నా పాత ముద్ర. అంచు విరిగినది.

"ఇది నీది అన్నయ్యా."

"నీ దగ్గరుందా?"

"ఆ రోజు నేనే వేశాను." గుడ్డసంచీ మడతపెడుతూ చెప్పింది. "తల ఆఫీసుకి కాగితాల సంచీ మోసేవాడు గుమ్మంలో తొందర పెడుతున్నాడు. నలభై కాగితాలు. సెలవు చీటీలు, సబ్బుల రసీదులు, మందుల సీసాలు. మీరంతా చెప్పిందే కదా, లేనప్పుడు వేసెయ్యమని. అది మధ్యలో ఉంది. చదవలేదు. సాయంత్రం నకలు పెట్టేటప్పుడు చదివాను. పరుగెత్తాను. సంచీ రైలెక్కేసింది."

"తెలుసు" అన్నాను.

"ఏం తెలుసు?"

"నువ్వే వేశావని."

"ఎప్పట్నుంచి?"

"కాగితం చూసిన రోజు నుంచి. నా ముద్రని అంత వంచేది నువ్వొక్కదానివే. నిటారుగా ఉంటే ఇసొగాయి చిరాకు పడతాడని, నేను ఊళ్ళో లేనప్పుడల్లా నా తరఫున వినయం ఒలకబోసేదానివి."

అప్పుడు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తడి గొడుగు తీసి నా భుజం మీద ఒక్కటి వేసింది. "తెలిస్తే ఒక్క తిట్టు తిట్టలేకపోయావా! నీకు తెలీదనుకుని నేను, ఏ కాగితం మీద వేశానో నాకే తెలీదనుకుని నువ్వు! ఇరవై రెండేళ్ళు ఎండు చేపలు పంపి చంపావు కదరా అన్నయ్యా!" ఆ తర్వాత ఏడ్చింది. నేను కూడా. నీకు చెప్పడానికి సిగ్గుపడటం లేదు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఆ రోజే "ఇది నా ముద్ర కాదు" అనొచ్చు కదా అని. అంటే కాగితం ఆగేది. తోట మిగిలేది. నా పురుగుల జాతి మిగిలేది, పద్నాలుగేళ్ళు పెంచింది. కానీ ముద్ర ఎవరు వేశారని విచారణ జరిగేది. మీ నాన్న పోయి మూడేళ్ళు. మీరిద్దరూ ఉంటున్నది ఆఫీసు వాళ్ళిచ్చిన ఇల్లు. నువ్వు ఆ సొరుగు దగ్గర నేల మీద కూర్చుని లెక్కలు చేసుకునేదానివి. రెండు రోజులు కొండ మీదా, రెండు రోజులు తోటలోనూ తిరిగాను. తర్వాత "సొంత కారణాల వల్ల" అని రాజీనామా రాశాను. సొంత కారణాలే. మీ ఇద్దరి కంటే సొంతం నాకెవరున్నారు?

మీ అత్తయ్య అప్పటికే పోయింది, ఆ ఊరు వదిలాక నేను మళ్ళీ ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. అది వేరే సంగతి. పట్టుపురుగుల గుడ్లు అంటిన కాగితం ఒకటి మాత్రం చొక్కాలో పెట్టుకుని తెచ్చాను. ప్రతి వసంతంలో ఒక తట్ట మేపుతున్నాను. జాతి పోలేదు.

మీ అమ్మ నీకు అబద్ధం చెప్పలేదు, చూశావా. "మీ మామయ్య ఒక్కడే ముద్ర వెయ్యలేదు." అక్షరాలా నిజం. నువ్వూ నేనూ మాత్రం ఒకళ్ళ మీద ఒకళ్ళం అబద్ధాలు పోగేసుకున్నాం. ఇసొగాయి సమాధికి నా తరఫున నీళ్ళు పోసిరా. టీ పోసినా తాగడు.

ఇక రెండు వందల పన్నెండో పేజీ. ఈ కవరులోనే ఉంది. నేను సగం చించబోయాను, మీ అమ్మ లాక్కుంది. కళ్ళజోడు పెట్టుకుని, పాత పద్ధతిలో, నీ ఇసొగాయి వాక్యం మీద రెండు గీతలు గీసింది, స్కేలు పెట్టి. పక్కన తన గుమాస్తా చేతిరాతతో రాసింది: "పదకొండు మంది సమ్మతించారు. పన్నెండో ముద్ర, తోబితా ఊరిలో లేనప్పుడు, శాఖ గుమాస్తా ఓబుచి ఇకుయో చదవకుండా వేసినది. ఆయన సమ్మతించలేదు."

"నీ పేరెందుకు? గుమాస్తా అంటే చాలదా?" అన్నాను.

"నా పేరు ఆ పుస్తకంలో ఇంకెక్కడుంది?" అంది. "పట్టిక అంతా చూశాను. యాభై ఏళ్ళ ప్రొఫెసర్లున్నారు, డీనులున్నారు, తోటకి ఎరువిచ్చిన షావుకారు కూడా ఉన్నాడు. గుమాస్తాలు ఒక్కరూ లేరు. ముప్ఫై నాలుగేళ్ళు వాళ్ళందరి ముద్రలూ నేనే వేశాను. తప్పు చేసిన చోటైనా నా పేరు ఉండనీ."

ముద్రల సిరా తెచ్చి ముందు పెట్టాను.

ఈ పేజీ చూసి నుమజిరి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. డీను పిలవచ్చు. తన తండ్రి పేరు మీది మచ్చ చెరిపినందుకు సంతోషించనూ వచ్చు, ఆ పుస్తకంలో గుమాస్తా పేరు చూసి మొహం మాడ్చనూ వచ్చు. మార్చి తర్వాత నీ ఉద్యోగం ఉంటుందో లేదో నాకు తెలియదు. లేకపోతే ఇక్కడికి రా. ఏప్రిల్ ఆఖరుకి గుడ్లు పగులుతాయి, ఆకు కోసేవాళ్ళు లేరు. ఉంటే ఉండు. ఈ పేజీ వెయ్యాలా వద్దా అన్నది మాత్రం నీ ఇష్టం. నీకు గడి లేదన్నావు కదా, ఇదుగో ఉంది.

దిద్దిన చోట ముద్ర ఉండాలి, లేకపోతే దిద్దుబాటు చెల్లదు. అది నీకు తెలుసు. అందుకని ఆ రెండు గీతల మీద రెండు ముద్రలున్నాయి. ఎడమ పక్కది ఓబుచి, మీ అమ్మది. చక్కగా, నిటారుగా పడింది. దాని పక్కన నాది. పాత ముద్రే, ఇరవై రెండేళ్ళ తర్వాత నా చేత్తో నేను వేశాను. అది కొంచెం కాదు, బాగా ఎడమకి వంగి ఉంటుంది. అచ్చువాళ్ళు పొరపాటనుకుని సరిచేయబోతారు. చెయ్యనివ్వకు.

షుకిచి